అమ్మ నీడకు బేరం

కామారెడ్డిలో బేరమాడేవాళ్లకు కొదవ లేదు. కానీ బతికున్న తల్లికి దండ వేసే పటాన్ని ముందుగానే, అదీ సగం ధరకు చేయించిన మనిషిని నేను తప్ప ఇంకొకరిని చూపించండి. మా నాన్నను మేము బాపు అనేవాళ్లం. బాపు పటం చేయిస్తే అమ్మ పటం సగానికి వచ్చింది. ఆ రోజు ఎల్లారెడ్డి నుంచి బస్సులో తిరిగి వస్తూ, కిటికీ పక్క సీటు కూడా దొరకడంతో, నా తెలివికి నేనే మురిసిపోయాను.

దయ్యాల సంగతి అడుగుతారేమో. నేను పుట్టింది కిరాణా కొట్టు వెనక గదిలో. గుమ్మానికి కట్టే నిమ్మకాయలు, మిరపకాయలు మేము అమ్మినవాళ్లమే గానీ కట్టినవాళ్లం కాదు. మా ఇంట్లో అందరూ భయపడింది తూకం రాళ్లు చూడడానికి వచ్చే ఆఫీసరుకు ఒక్కడికే. గాలి సోకిందని ఎవరైనా వచ్చి ఊదు, కర్పూరం అడిగితే బాపు పొట్లం కట్టి, డబ్బులు గల్లాలో వేసుకుని, వాళ్లు వీధి మలుపు తిరిగాక నవ్వేవాడు. నేను ఆ గల్లా పక్కనే కూర్చుని పెరిగాను. అలాంటి వాటి మీద నాకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. జరిగింది మాత్రం జరిగింది.

నా కళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. కామారెడ్డి బజారులో నాకు చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. కింద షాపు, పైన ఇల్లు. ఆడవాళ్లు చీర తెచ్చి, దానికి సరిపోయే జాకెట్ గుడ్డ అడుగుతారు. ట్యూబులైటు కింద సరిపోయిన రంగు ఎండలో సరిపోదు. అందుకే గుడ్డను గడప దాకా తీసుకుపోయి, పగటి వెలుతురులో చూసిన తర్వాతే కొయ్యమంటారు. పాతికేళ్లుగా ఆ గడప దగ్గర నిలబడ్డదాన్ని. నలుపు ఒక్కటే అని మీరనుకుంటారు. నా దగ్గర అర డజను నలుపులున్నాయి. దేని పక్కన ఏది పెడితే తేడా బయటపడుతుందో చూడగానే చెబుతాను. ఇది గొప్పకు చెప్పడం కాదు. ఈ మాట తర్వాత అవసరం పడుతుంది.

బాపు పోయాక ఎల్లారెడ్డిలో కొట్టు ఎత్తేసి అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. మనిషి గట్టిది. డెబ్బై దాటినా మెట్లు తనే ఎక్కి దిగేది. పగలంతా షాపులో స్టూలు మీద కూర్చుని నా బేరాలకు మార్కులు వేసేది. గిరాకీకి వచ్చినామె అలా షాపు దిగిపోగానే, "ఇంకో రెండు నిమిషాలు ఊకుంటే ఆమెనే ఇచ్చేది. నువ్వు తొందరపడ్డవు బిడ్డా" అనేది.

బాపు సంవత్సరీకం దగ్గరపడింది. గోడకు పెట్టడానికి మంచి ఫోటో లేదు. ఉన్నదొక్కటే, ఎవరిదో పెళ్లిలో తీసింది. ఫ్లాష్ వెలుగు ముఖం మీద కొట్టి ముక్కు కూడా తెలియడం లేదు. స్టూడియోలో దాన్నే పెద్దది చేయిస్తే ముఖానికి పిండి పూసినట్టు వచ్చింది. "ఈయన మీ బాపు కాదు, మీ బాపు ఆధార్ కార్డు" అంది అమ్మ.

ఎల్లారెడ్డిలో సాయన్నతో గీయిద్దామన్నది కూడా అమ్మే. ఒకప్పుడు ఆ ఊళ్లో షాపుల బోర్డులు చాలావరకు సాయన్న రాసినవే. మా కొట్టు బోర్డూ ఆయనదే. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని పోయాక హార్డ్‌బోర్డు మీద ఆయిల్ పెయింటుతో పోయినవాళ్ల పటాలు గీస్తున్నాడు. బాపును ఎరిగినవాడు గనక ఫోటోలో లేని ముక్కును కూడా గీస్తాడని అమ్మ నమ్మకం. ఇద్దరం బస్సెక్కాం.

"ఒక్క పటం నాలుగు వేలు. మొఖం మీద వెలుగు, నీడ దింపాలంటే పని ఉంటది. ఊరికె రంగు పూసుడు కాదు" అన్నాడు సాయన్న.

నా దగ్గరున్న ఎత్తులన్నీ వేశాను. పాత పరిచయం, బాపు ఆయనకు అరువిచ్చిన రోజులు, కామారెడ్డి బజారంతా ఆయన దగ్గరికే పంపిస్తానన్న ఆశ. మూడు వేల దగ్గర ఆగిపోయాడు. లేచి చెప్పులు వేసుకున్నాను. వాకిలి దాకా నడిచాను. వెనక్కి పిలవలేదు. చెప్పులతోనే తిరిగి వచ్చాను.

"జోడీ చేపిస్తే ఎంతకిస్తవు?"

"జోడీ అంటే?"

"అమ్మది గూడ గీయి. రెండోది సగానికియ్యి."

సాయన్న నాలుక కరుచుకున్నాడు. "బతికున్న మనిషి ముంగట గిదేం మాట, సేటుబిడ్డా?"

అమ్మ నవ్వింది. సాయన్నను ఆమె సాయిలు అనేది. "గీయి సాయిలూ. నేను పోయేనాటికి నీ రేటు పెరుగుతది."

అలా అమ్మ పటం పదిహేను వందలకు ఖాయమైంది.

అమ్మ ఎదురుగా ఉంది గనక ఫోటో అక్కర్లేదన్నాడు. ఆయన షెడ్డుకు ఒక్కటే తలుపు, పడమటి వైపు. సాయంత్రపు ఎండ దాంట్లోంచి ఏటవాలుగా వచ్చి సున్నం గోడకు తగులుతుంది. ఆ గోడ ముందు స్టూలు వేసి అమ్మను కూర్చోబెట్టాడు. మాకు కుడి వైపు నుంచి వెలుగు పడి అమ్మ ముఖం సగం వెలిగింది, సగం మసకైంది. నీడ ఎడమ వైపు గోడ మీద నిలబడింది, వెనక కొప్పుతో సహా.

సాయన్న బొగ్గు ముక్క తీశాడు. కన్ను, ముక్కు ఏవీ గీయలేదు. కంటి గుంట, చెంప పల్లం, గడ్డం కింద, ఎక్కడెక్కడ చీకటి ఉందో అక్కడ బొగ్గు రుద్దుతూ పోయాడు. చాలాసేపు అవి ఉట్టి మరకలు. తర్వాత ఎప్పుడు జరిగిందో తెలియదు, ఆ మరకల మధ్య నుంచి అమ్మ నన్ను చూస్తోంది. వెలుగున్న చోట ఆయన ఏమీ చేయలేదు, కాగితాన్ని అట్లాగే వదిలేశాడు.

"సగం కాయితం ఖాళీగనే ఉన్నది. పైసలన్నీ నీడకేనా?" అన్నాను.

"అట్లయితే తెల్ల కాయితం తీస్కపో. ఫుకట్‌ల ఇస్త" అన్నాడు.

పటాలు తెచ్చుకోవడానికి మళ్లీ ఇద్దరం వెళ్లాం. బాపు పటాన్ని అమ్మ దగ్గరికి వంగి చూసింది. ముక్కు వచ్చింది. ఎవరైనా చిల్లర తక్కువ ఇస్తే బాపు చూసే చూపు కూడా వచ్చింది. అమ్మ పటం ఇంకా బాగుంది. కానీ రెండూ పక్కపక్కన పెట్టగానే నా వ్యాపారం కళ్లు తేడా పట్టేశాయి. బాపు వెనక ఉట్టి బూడిద రంగు. అమ్మ వెనక అదే బూడిద రంగు మీద ఆమె నీడ, కొప్పూ భుజమూ అంతా.

జోడీ అంటే జోడీలా ఉండాలి. చీర ఒక రంగు, జాకెట్ ఒక రంగు ఇస్తే నా గిరాకీ ఊరుకుంటుందా? అదే అడిగాను.

"సేటును ఫోటో చూసి గీసిన. ఫోటోల నీడ లేదు, వెయ్యలే. సేటమ్మ కూసున్నది, నీడ పడ్డది, వేసిన" అన్నాడు.

"అట్లయితే బాపుకు గూడ వెయ్యి."

"పోయినోళ్లకు వెనక నీడ వెయ్యను. బతికున్నోళ్లకు తియ్యను. మా ఉస్తాదు గట్లనే నేర్పిండు. ఎందుకని అడిగితే తంతుండె."

ఎందుకో చెప్పలేని పద్ధతికి నేనెందుకు డబ్బు కట్టాలి? నీడ తీసెయ్యమన్నాను. తియ్యనన్నాడు. అయితే పటం నాకొద్దన్నాను. బతికున్న మనిషి పటం ఇంకెవరు కొంటారు? అది ఆయనకూ తెలుసు. పని ఆలస్యం చేసినందుకు మూడు వందలు కోస్తానని కూడా అన్నాను. ఆయన బ్రష్షు తీసుకుని, అమ్మ వెనక ఉన్న నీడ మీద బూడిద రంగు పూశాడు. అన్నట్టే మూడు వందలు కోసి మిగతాది చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టుకోలేదు.

బస్సులో అమ్మ అంది, "బేరంల నా నీడ గూడ కొట్టేసినవా?" ఇద్దరం లింగంపేట దాకా నవ్వుకుంటూనే వచ్చాం.

సంవత్సరీకం రోజు బాపు పటం హాల్లో పెట్టి దండ వేశాం. అమ్మ పటాన్ని పాత దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టాను. పక్కింటామె చూసి తప్పు అంది. బీమా కట్టడం లేదా, ఇదీ అంతే అన్నాను.

వానలు తగ్గాక అమ్మకు ఆకలి చచ్చిపోయింది. షాపులోకి దిగడం మానేసింది. డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. చెప్పుకోదగ్గ జబ్బేమీ లేదన్నాడు, వయసు అన్నాడు. అమ్మకు ఉన్న ఒకే ఒక్క బాధ చలి. మధ్యాహ్నం మేడ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి ఎండలో కూర్చోబెట్టేవాళ్లం. "ఎండల ఉన్నట్టే లేదు బిడ్డా" అనేది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉండేది.

ఒక సాయంత్రం, ఇంకా ఎండ బాగానే ఉంది, తడిపి ఆరేసిన లైనింగ్ గుడ్డలు తీయడానికి మేడ మీదికి వెళ్లాను. అమ్మ కుర్చీకి వీపు ఆనించి, కళ్లు మూసుకుని ఉంది. వెనక పిట్టగోడకు కొత్తగా సున్నం వేయించాం. గోడ మీద కుర్చీ నీడ పడింది. ఆ కుర్చీ వీపుకు నిలువుగా సందులుంటాయి. గోడ మీది నీడలో ఆ సందులు కనిపిస్తున్నాయి. వాటిలోంచి ఎండ గోడకు తగులుతోంది.

అమ్మ వీపు ఆనించే ఉంది. అడ్డుగా ఒక మనిషి ఉంటే ఆ సందులు కనిపించకూడదు.

గుడ్డలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అమ్మ నీడ అసలు లేదని కాదు. ఉంది. కుర్చీ నీడ మంచి నలుపు. అమ్మ నీడ పదిసార్లు ఉతికి ఎండేసిన నల్ల గుడ్డలా, వెనకున్న సున్నం కూడా కనబడేంత పలచగా ఉంది. నా చేతిని ఆ పక్కనే పెట్టాను. నా చేతి నీడ కుర్చీ నీడతో సరిపోయింది. మూడింటిలో ఒకటి కలవలేదు. షాపులో అయితే ఆ ముక్కను వెనక్కి పెట్టేసేదాన్ని.

మా ఆయన్ను పిలిచాను. వచ్చి చూశాడు. "నల్ల గుడ్డలు చూసి చూసి నీ కండ్లు పోయినయ్" అన్నాడు. నేను వెళ్లి కళ్లు చూపించుకున్నాను. బాగానే ఉన్నాయన్నారు. ఇంటికి వచ్చేసరికి ఆయన అమ్మ కుర్చీని మేడకు అవతలి వైపు, వెనక గోడ లేని చోటికి జరిపి ఉంచాడు.

బీరువా మీది పటం దించి దుప్పటి విప్పి చూశాను. అమ్మ వెనక బూడిద రంగు శుభ్రంగా ఉంది. నేను తీయించినట్టే ఉంది.

సాయన్నకు ఫోన్ చేశాను. నీడ మళ్లీ వెయ్యి, ఎంతైనా ఇస్తా అన్నాను. "పానం బాగలేదా సేటుబిడ్డా?" అని అడిగాడు. నన్నే. నేను ధర అడగకపోవడం ఆయనకు అంత అనుమానం కలిగించింది.

గుర్తుపెట్టుకుని నీడ వేయడం కుదరదన్నాడు. మనిషి కూర్చోవాలి, అదే తలుపు, అదే ఎండ ఉండాలన్నాడు. కారు మాట్లాడి అమ్మను తీసుకువెళ్లాను. నీడ మళ్లీ వేయిస్తున్నానని చెబితే, "కోసినవి గూడ ఇస్తవా ఆయనకు?" అంది అమ్మ. మాట మెల్లగా వచ్చింది గానీ ఎత్తిపొడుపు తగ్గలేదు.

దిగగానే సాయన్న చేతిలో వెయ్యి పెట్టాను. పటాన్ని స్టాండుకు ఎక్కించాడు. అమ్మను అదే స్టూలు మీద, అదే గోడ ముందు కూర్చోబెట్టాం. ఎండ తలుపులోంచి వస్తోంది. నేను గోడ వైపు చూడలేదు. చూస్తే లెక్క తేలిపోతుందని సాయన్న ముఖం వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆయన రంగు కలిపాడు. అమ్మను చూశాడు. గోడను చూశాడు. బ్రష్షు పటం దాకా పోయి ఆగింది. లేచి, తలుపు రెక్కను ఇంకాస్త బార్లా తీశాడు. మళ్లీ వచ్చి కూర్చుని గోడను చూశాడు. తర్వాత బ్రష్షును గుడ్డకు తుడవడం మొదలుపెట్టాడు. రంగంతా పోయిన తర్వాత కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"మబ్బు పట్టింది. ఇంకోనాడు రాండ్రి" అన్నాడు.

నేను బయటికి చూశాను. రోడ్డు పక్కన ఆరబోసిన మక్కజొన్న గింజలు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. కారు డ్రైవరు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

సాయన్న వెయ్యి రూపాయలు తీసి నా చేతిలో పెట్టాడు. ఉంచుకోమన్నాను. "పని చెయ్యంది ఎట్ల తీసుకుంట?" అన్నాడు. అమ్మను కారు దాకా తనే చెయ్యి పట్టుకుని నడిపించాడు. పోయేటప్పుడు ఆమెను "అక్కా" అని పిలిచాడు. అంతకు ముందు ఎప్పుడూ సేటమ్మ అనే అనేవాడు.

ఊరు దాటాక అమ్మ కిటికీలోంచి పైకి చూసింది.

"మబ్బు యాడున్నదే?"

"ఉండెనమ్మా. ఇప్పుడే పోయింది."

"సాయిలుకు అబద్ధమాడ రాదు. నీకు గూడ రాదు" అంది. కొంగు భుజాల మీదికి లాక్కుని, "మీ బాపుకు గూడ నీడ లేకపాయె గద. జోడీ కుదిరింది తియ్యి" అని కళ్లు మూసుకుంది. నేను కిటికీ అద్దం ఎత్తాను.

ఆ చలికాలం దాటలేదు. ఒక ఉదయం చాయ్ అడిగి, తెచ్చేలోగా పోయింది.

పెద్దకర్మ రోజు పటం దించి దుప్పటి విప్పాను. రెండోసారి సాయన్న దగ్గర నుంచి తెచ్చిన రోజు నేనే చుట్టి పెట్టాను, నేనే విప్పాను. అమ్మ వెనక నీడ ఉంది. కొప్పు, భుజం, మొదట ఎలా వేశాడో అలాగే. మా ఆయన చూసి కుర్చీలో కూర్చుండిపోయాడు.

సాయన్న కూడా వచ్చాడు. పటాన్ని గోరుతో గీకి చూశాడు. "పలచగ పూస్తే ఎప్పటికైన కింది రంగు లేస్తది. నువ్వు మూడొందలు కోసినవు, నేను ఒక్కటే పూత పూసిన" అన్నాడు. సరే, ఇది న్యాయమైన మాట. చవక లైనింగు వేస్తే దాని రంగు పై గుడ్డకు అంటుకోదా? నాకు ఊపిరి తిరిగింది. రెండు పటాలనూ పక్కపక్కన పెట్టాం. ఎడమ పక్కన బాపు, కుడి పక్కన అమ్మ. దండలు వేశాం.

అప్పుడు చూశాను. అమ్మ నీడ ఎడమకు పడుతూ ఆమె పటం అంచు దగ్గర ఆగిపోవాలి. ఆగలేదు. ఫ్రేము కర్ర దాటి బాపు పటంలోకి వచ్చింది. బాపు భుజం మీద, చొక్కా తెలుపు మీద గుండ్రంగా ఒక మసక. కొప్పు ఉన్న తల ఒకటి ఆనినట్టు.

దండ నీడేమో అనుకుని దండలు తీసేశాను. దీపం మసి అనుకుని దూదితో తుడిచాను, దూది తెల్లగానే ఉంది. తర్వాత ఒక రోజు బాపు పటం ఒక్కదాన్నే దించి కింద షాపు గడప దగ్గర, పగటి వెలుతురులో పెట్టాను. పాతికేళ్లుగా నన్ను మోసం చేయని గడప అది. పక్కన అమ్మ పటం లేదు, దీపం లేదు. మసక ఉంది. మా అర డజను నలుపులూ తెచ్చి ఒక్కొక్కటే దాని పక్కన పెట్టి చూశాను. దేనికీ కలవలేదు.

అమ్మ పటానికి సాయన్న కారణం చెప్పాడు. బాపు పటం చూపించి ఇదేంటని పెద్దకర్మ రోజే అడిగాను. దాని అడుగున ఏ నీడా లేదు, ఉంటే గదా పైకి లేవడానికి. చాలాసేపు చూసి, "అది నేను వెయ్యలే" అన్నాడు. భోజనానికి ఆగమంటే ఆగలేదు. వాకిట్లో కోసిన మూడు వందలూ ఇవ్వబోయాను. "అది నీ బేరం. నీ దగ్గర్నే ఉండనీ" అని బస్సుకు నడిచి వెళ్లిపోయాడు.

పటాలు హాల్లోనే ఉన్నాయి. మసక పెరగలేదు, తగ్గలేదు. ఎవరైనా అడిగితే తేమ అని చెబుతాను. ఏమిటో నాకు తెలియదు.

లెక్క మాత్రం తెలుసు. బాపు పటం మూడు వేలు, అమ్మ పటం పదిహేను వందలు, అందులో కోత పోను సాయన్నకు ముట్టింది నాలుగు వేల రెండు వందలు. వెయ్యి ఇచ్చాను, వెయ్యి తిరిగొచ్చింది, అది చెల్లు. డాక్టరు, కారు ఎటూ తప్పని ఖర్చులు, వాటిని ఇందులో కలపడం న్యాయం కాదు. అమ్మ నీడ తీయించినందుకు నాకు మిగిలింది మూడు వందలు.